ప్రీమియానికి పగ్గం వేయగలిగింది పెద్దాసుపత్రే

(బరంపురంలో జరిగిన తెలుగువారి సమావేశంలో, ప్రభుత్వ సాధారణ బీమా కంపెనీ నుంచి పదవీ విరమణ చేసిన అధికారి ఒకరు చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం. అధ్యక్షుల వారు నన్ను బీమా నిపుణుడని పరిచయం చేశారు. అది వారి మర్యాద. ఉద్యోగ జీవితమంతా బరంపురం, రాయగడ, జయపురం శాఖల్లో పాలసీలు రాసి, క్లెయిముల కాగితాలు చూసి, జనం చేత చీవాట్లు తిన్నవాడిని. (నవ్వులు) ఆ చీవాట్లలో చాలావరకు న్యాయమైనవే.

ఈరోజు నాకిచ్చిన అంశం, ఆరోగ్య బీమా ఖర్చు ఇలా పెరిగిపోతుంటే వైద్యాన్ని ప్రభుత్వమే నడపాలా అన్నది. టీ తాగేటప్పుడు మీ మాటలు విన్నాను. సగం మంది అందరికీ పాలసీ ఉండాలి, పేదల ప్రీమియం ప్రభుత్వం కట్టాలి అంటున్నారు. మిగతా సగం మంది పాలసీలన్నీ దండగ, ధర్మాసుపత్రులు బాగుచేస్తే చాలు అంటున్నారు. మీరు రెండు పక్షాలుగా విడిపోయారు గానీ నా లెక్కలో ఇది ఒకే వ్యవహారం. ఊళ్ళో ప్రభుత్వాసుపత్రి ఎంత బలహీనంగా ఉంటే మీ ప్రీమియం అంత పెరుగుతుంది. నేను చెప్పదలచుకున్నది ఇదొక్కటే. అదెలాగో చూపించడానికే ఈ గంట.

ముందు ప్రీమియం ఎలా పుడుతుందో చూద్దాం. ఒక ఊళ్ళో వెయ్యి మంది పాలసీ తీసుకున్నారనుకోండి. ఏడాదిలో వాళ్ళలో 50 మంది ఆసుపత్రిలో చేరారు. ఒక్కొక్కరికి 60 వేల రూపాయల బిల్లు అయింది. మొత్తం 30 లక్షలు. వెయ్యి మందికి పంచితే తలకు 3,000. అయితే కంపెనీకి ఆఫీసు, సిబ్బంది, ఏజెంటు కమీషను, ప్రకటనలు ఉంటాయి కదా. మన దేశంలో బీమా నియంత్రణ సంస్థ 2023లో పెట్టిన నిబంధన ప్రకారం ఆరోగ్య బీమా ఒక్కటే అమ్మే కంపెనీలు వసూలైన ప్రీమియంలో 35 శాతం దాకా ఈ నిర్వహణ ఖర్చుకు వాడుకోవచ్చు. అన్ని రకాల బీమా అమ్మే సాధారణ కంపెనీలకైతే ఆ పరిమితి 30 శాతం. 35 శాతం పూర్తిగా వాడుకునే కంపెనీ అనుకుంటే ఆ 3,000 కాస్తా 4,600 దాటుతుంది. అమెరికాలో 2010లో వచ్చిన చట్టం దీన్ని తిరగేసి చెప్పింది. వ్యక్తులకు అమ్మే పాలసీలైతే వసూలు చేసిన ప్రీమియంలో కనీసం 80 శాతం, పెద్ద సంస్థల బృంద పాలసీలైతే 85 శాతం వైద్యానికే ఖర్చు పెట్టాలి, లేకపోతే తేడా వెనక్కి ఇవ్వాలి అంది. ప్రైవేటు బీమాకు పుట్టిల్లు లాంటి దేశమే అంత గట్టిగా ఉంటే మనం ఇంత ఉదారంగా ఎందుకున్నామో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ఇప్పుడు ఆ వెయ్యి మందిలో, ఒంట్లో ఏ రోగమూ లేని కుర్రవాళ్ళు 200 మంది "అనవసరంగా కడుతున్నాం" అని మానేశారనుకోండి. రోగులు మానరు. 50 మంది 50 మందే ఉంటారు, బిల్లూ అంతే ఉంటుంది. పంచుకునేవాళ్ళు మాత్రం 800 మంది అయ్యారు. తలకు 3,000 ఉన్నది 3,750 అయింది. ధర పెరిగిందని మరుసటి ఏడాది ఇంకో వంద మంది మానేస్తారు. ఇలా పెరుగుతూ పోయి చివరకు ముసలివాళ్ళు, మధుమేహం ఉన్నవాళ్ళు, గుండెకు స్టెంటు వేయించుకున్నవాళ్ళు మిగులుతారు. జార్జ్ అకర్‌లాఫ్ అనే ఆర్థికవేత్త 1970లోనే ఈ సంగతి రాశాడు. అరవై అయిదు దాటినవాళ్ళకు వైద్య బీమా దొరకడం ఎందుకంత కష్టమో పాత కార్ల బజారు లెక్కతో వివరించాడు. దానికి తర్వాత నోబెల్ వచ్చింది. మా శాఖలో ఆ లెక్క తెలియకుండానే రోజూ దాన్ని చూసేవాళ్ళం.

మన దేశంలో సాధారణ బీమాను 1973లో జాతీయం చేశారు. మెడిక్లెయిమ్ అనే ఆరోగ్య బీమా పాలసీ వచ్చింది 1986లో. అప్పుడు దాన్ని కొనేవాళ్ళే లేరు. ఎందుకంటే అప్పట్లో ఈ ఊళ్ళో ఏ రోగమొచ్చినా, వ్యాపారైనా ఉద్యోగైనా పోయేది మన మెడికల్ కాలేజీ ఆసుపత్రికే. 1962లో మొదలై, తర్వాత పర్లాకిమిడి మహారాజా కృష్ణచంద్ర గజపతి పేరు పెట్టుకున్న ఆసుపత్రి అది. ఇంకా పెద్ద కష్టమైతే రైలెక్కి విశాఖపట్నంలో కింగ్ జార్జ్ ఆసుపత్రికి పోయేవాళ్ళు. అదీ ప్రభుత్వానిదే. ప్రభుత్వాసుపత్రిలో ఉచితంగా దొరికే పనికి ప్రైవేటు నర్సింగ్ హోం వేలకు వేలు అడగలేదు. అడిగితే రోగి లేచి పెద్దాసుపత్రికి పోతాడు. ఆ భయమే ధరలకు పగ్గం. ఏ చట్టమూ ఆ పని చేయలేదు.

2000 సంవత్సరం తర్వాత ప్రైవేటు బీమా కంపెనీలు వచ్చాయి. అదే కాలంలో కార్పొరేట్ ఆసుపత్రులు పెరిగాయి. పెద్దాసుపత్రిలో మాత్రం మంచాలు జనంతో సమానంగా పెరగలేదు, ఖాళీ అయిన పోస్టులు నిండలేదు. అక్కడ ఆపరేషనుకు తేదీ రావాలంటే వారాలు పడుతుందని తెలిశాక రోగికి వేరే దారి లేకుండా పోయింది. ప్రైవేటువాళ్ళకు భయం పోయింది. ఇప్పుడు ఆసుపత్రి కౌంటరులో మీరు చేయి పట్టుకుని తీసుకొచ్చిన మనిషి పేరు అడగకముందే అడిగే ప్రశ్న ఏమిటో మీ అందరికీ తెలుసు.

(సభికులు: "ఇన్సూరెన్స్ ఉందా?")

చూశారా, ఒకే గొంతుతో చెప్పారు. "ఉంది" అన్నామంటే గది మారుతుంది, పరీక్షల జాబితా పొడవు పెరుగుతుంది. అందరు వైద్యులూ అలా చేస్తారని నేను అనను. నాకు తెలిసిన మంచి డాక్టర్లు ఈ సభలోనే ఉన్నారు. అయినా లెక్కలు లెక్కలే. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో చూడండి. ప్రభుత్వాసుపత్రుల్లో కాన్పుల్లో సిజేరియన్లు 14.3 శాతం, ప్రైవేటులో 47.4 శాతం. కష్టమైన కాన్పులు కొన్ని చివరి నిమిషంలో ప్రైవేటుకు పోతాయని ఒప్పుకుందాం. అయినా గోడకు ఇవతల ఏడుగురిలో ఒకరికి, అవతల దాదాపు ఇద్దరిలో ఒకరికి కత్తి అవసరమవుతుందా? డబ్బు ఎవరో మూడో మనిషి కడుతున్నప్పుడు డాక్టరూ అడగడు, రోగీ అడగడు. ఆ బిల్లే మరుసటి ఏడాది మీ రిన్యూవల్ నోటీసుగా మీ ఇంటికి వస్తుంది.

"ధరలకు హద్దు పెట్టే చట్టమే లేదా" అని అడగవచ్చు. 2010లో కేంద్రం వైద్య సంస్థల చట్టం తెచ్చింది. 2012 నియమాల్లో, రాష్ట్రాలతో సంప్రదించి కేంద్రం నిర్ణయించే పరిధిలోనే ఆసుపత్రులు రేట్లు వసూలు చేయాలని రాసుకున్నారు. ఆ పరిధి ఏదని సుప్రీంకోర్టు 2024 ఫిబ్రవరిలో అడగాల్సి వచ్చింది. పన్నెండేళ్ళు! మన నత్తలు కూడా సిగ్గుపడతాయి. (నవ్వులు)

ప్రభుత్వం ఏమీ చేయలేదనడమూ అన్యాయమే. వ్యక్తిగత ఆరోగ్య పాలసీల మీద 18 శాతం జీఎస్టీని 2025 సెప్టెంబరు 22 నుంచి పూర్తిగా ఎత్తేశారు. మంచి పనే. కాకపోతే పన్ను పోయినప్పుడు కంపెనీలు తాము ఏజెంట్ల కమీషను వంటి వాటి మీద కట్టిన పన్నును సర్దుబాటు చేసుకునే వీలూ పోయింది. కాబట్టి ఆ మేలు మొత్తం మన జేబులోకే వస్తుందని నమ్మకం పెట్టుకోవద్దు. అరవై దాటినవారికి ఏడాదికి 10 శాతం కంటే ఎక్కువ పెంచాలంటే ముందు నియంత్రణ సంస్థను సంప్రదించాలని 2025 జనవరిలో ఉత్తర్వు వచ్చింది. ఇది ఊరట. అయితే ఏటా 10 శాతం పెరిగితే ఎనిమిదేళ్ళు తిరగకముందే రెట్టింపు అవుతుంది. పింఛను అంత పెరుగుతుందా?

కంపెనీల తరఫున కూడా ఒక మాట చెప్పాలి, ఉప్పు తిన్నవాడిని కదా. ఆరోగ్య బీమాలో ప్రభుత్వ కంపెనీలు బాగా నష్టపోయాయి. మూడు ప్రభుత్వ సాధారణ బీమా కంపెనీలను నిలబెట్టడానికి కేంద్రం 2019–20 నుంచి మూడేళ్ళలో 17,450 కోట్ల రూపాయల మూలధనం పోసింది. అంటే ఆసుపత్రులకు పోయిన సొమ్ములో కొంత చివరికి పన్నుల నుంచే వచ్చింది. ఆ సొమ్ముతో నేరుగా మంచాలు వేసి ఉంటే ఎన్ని వచ్చేవో మీరే ఊహించుకోండి.

ఇక కార్డుల సంగతికి వద్దాం. ఈ సరిహద్దున ఉన్న మనకంటే దీని గురించి ఎవరికి ఎక్కువ తెలుసు? 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడ్డప్పుడు గీసిన గీత పర్లాకిమిడికీ పాతపట్నానికీ మధ్య నుంచి పోయింది. ఇచ్ఛాపురాన్ని అటు, బరంపురాన్ని ఇటు ఉంచింది. పెళ్ళిళ్ళు, సంతలు, అప్పులు ఆ గీతను ఎన్నడూ లెక్కచేయలేదు. 2007 ఏప్రిల్ 1న వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వం ఆరోగ్యశ్రీని మొదట మూడు జిల్లాల్లో మొదలుపెట్టింది. మహబూబ్‌నగర్, అనంతపురం, మన పక్కనే ఉన్న శ్రీకాకుళం. అప్పటి నుంచి ఈ గీతకు కొత్త బలం వచ్చింది. అన్నకు పాతపట్నంలో తెల్ల రేషను కార్డు ఉంది, గుండె ఆపరేషను ఉచితం. తమ్ముడు పర్లాకిమిడిలో ఉన్నాడు, పొలం అమ్ముకోవాల్సి వచ్చేది. మనవైపు 5 లక్షల కార్డు 2018 ఆగస్టు 15న బిజూ స్వాస్థ్య కల్యాణ్ యోజనతో వచ్చింది. ఆడవాళ్ళకైతే మొదట 7 లక్షలు, తర్వాత 10 లక్షలు చేశారు. అది నిజంగా మంచి పథకం. ఎవరు పెట్టారన్నది పక్కన పెట్టి మంచిని మంచి అనాలి.

అదే 2018లో సెప్టెంబరు 23న కేంద్రం ఆయుష్మాన్ భారత్ మొదలుపెట్టింది. ఒడిశా అందులో చేరలేదు. ఆరేళ్ళు రెండు ప్రభుత్వాలూ నా కార్డు గొప్పదంటే నా కార్డు గొప్పదని వాదించుకున్నాయి. 2025 జనవరిలో ఒప్పందం కుదిరి, ఏప్రిల్‌లో ఇక్కడా అమలులోకి వచ్చింది. రాష్ట్ర పథకాన్ని గోపబంధు జన ఆరోగ్య యోజన పేరుతో దానితో జోడించారు. ఆయుష్మాన్ కార్డుకు ఉన్న పెద్ద సుగుణం, పథకంలో చేరిన ఆసుపత్రి ఏ రాష్ట్రంలో ఉన్నా చెల్లుతుంది. విశాఖకు పోయే మనకు, సూరత్ మిల్లుల్లో పనిచేసే మన గంజాం కుర్రవాళ్ళకు ఇది చాలా అవసరం. పోయేముందు ఆ ఆసుపత్రి పథకంలో ఉందో లేదో, మీ జబ్బుకు అక్కడ సేవ ఉందో లేదో ఫోను చేసి కనుక్కోండి. రైలు దిగాక కనుక్కుంటే ఆలస్యమైనట్టే. సభలో డెబ్బై దాటిన పెద్దలు చాలామంది కనిపిస్తున్నారు. మీకు ఆదాయంతో సంబంధం లేకుండా 5 లక్షల వయ వందన కార్డు ఉంది. 2024 అక్టోబరు 29న మొదలైంది. ప్రైవేటు పాలసీ ఉన్నా తీసుకోవచ్చు. ఆధార్ పట్టుకుని వెళ్ళి తీసుకోండి, బద్ధకించకండి.

ఇంతవరకు బాగానే ఉంది. ఇప్పుడు ఆ కార్డు పట్టుకుని ఎక్కడికి పోవాలో చెప్పండి. గజపతి జిల్లా కొండల్లో, రాయగడ జిల్లా లోపలి ఊళ్ళలో మన తెలుగువాళ్ళూ ఉన్నారు, సవరలూ కొందులూ ఉన్నారు. వాళ్ళందరి దగ్గరా కార్డు ఉంది. చేతిలో రేషను కార్డు ఉండి ఊళ్ళో డిపో లేకపోతే బియ్యం ఎలా వస్తాయి? పథకంలో చేరిన ప్రైవేటు ఆసుపత్రులు భువనేశ్వర్‌లో, కటక్‌లో, విశాఖలో గుంపులుగా ఉంటాయి. లాభం ఉన్నచోట ఆసుపత్రి కడతారు. అందులో తప్పు పట్టడానికి లేదు, అది వాళ్ళ వ్యాపారం. కొండ మీద నిపుణుడిని కూర్చోబెట్టి నష్టపోవడానికి ప్రభుత్వం తప్ప ఎవరూ సిద్ధపడరు. బీమా పథకం మీద పెట్టిన ప్రతి కోటీ లెక్క తీసి చూస్తే కొండల నుంచి పట్నానికి డబ్బు ఎగుమతి అవుతున్నట్టే ఉంటుంది.

పైగా కార్డు మంచం ఎక్కితేనే పనిచేస్తుంది. బీపీ మాత్రలు, షుగరు మాత్రలు, ఓపీ ఫీజు, రక్త పరీక్ష, ఇవేవీ అందులోకి రావు. ఇళ్ళల్లో నెలనెలా డబ్బు కారిపోయేది ఇక్కడే. 2021–22 జాతీయ ఆరోగ్య ఖాతాల ప్రకారం దేశంలో మొత్తం వైద్య ఖర్చులో జనం చేతి నుంచి పెట్టుకునేది 39.4 శాతం. 2013–14లో అది 64.2 శాతం. తగ్గింది, సంతోషం. అయినా వంద రూపాయల్లో 39 రూపాయలు అప్పటికప్పుడు జేబులో నుంచి తీయాలంటే కూలికి పోయేవాడి ఇంట్లో ఏమవుతుందో మీకు వేరే చెప్పాలా? బీపీ మాత్ర ఉచితంగా, క్రమంగా దొరికితే పక్షవాతమే రాకపోవచ్చు. ఒడిశాలో 2015 నుంచి నిరామయ పథకం కింద ప్రభుత్వాసుపత్రుల్లో ఉచిత మందులు ఇస్తున్నారు. ఆ కౌంటరులో మందు నిండుగా ఉంటే అది 5 లక్షల కార్డు కంటే ఎక్కువ ప్రాణాలు కాపాడుతుందని నా నమ్మకం. కౌంటరులో "స్టాకు లేదు, బయట కొనుక్కోండి" అన్న రోజున మాత్రం ఆ నమ్మకం సడలుతుంది.

ఉద్దానం సంగతి చెప్పకుండా ఈ ప్రాంతంలో ఎవరూ ఈ అంశం మీద మాట్లాడకూడదు. ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట, కంచిలి, పలాస. కొబ్బరి తోటల నడుమ దశాబ్దాలుగా మూత్రపిండాలు పాడవుతున్నాయి. కారణం ఇదీ అని శాస్త్రవేత్తలు ఇంకా ఖాయంగా తేల్చలేదు. డయాలసిస్ మొదలైతే వారానికి రెండు మూడుసార్లు, బతికినంత కాలం. ఆ ఊరివాళ్ళకు ఏ ప్రైవేటు కంపెనీ మనస్ఫూర్తిగా పాలసీ అమ్ముతుంది? నేనే కంపెనీలో కూర్చుని ఉంటే, నిజం చెబుతున్నాను, ఫైలు పక్కన పెట్టేవాడిని. బీమా అంటే జరుగుతుందో లేదో తెలియని నష్టాన్ని పంచుకోవడం. జరగడం ఖాయమని తెలిసినదాన్ని బీమా మోయలేదు. అక్కడ పన్నుల డబ్బే దిక్కు. పలాసలో 200 పడకల కిడ్నీ పరిశోధన కేంద్రం, ఆసుపత్రి 2023 డిసెంబరు 14న ప్రారంభమయ్యాయి. అదే రోజు ఉద్దానానికి మంచినీటి పథకమూ ప్రారంభించారు. రెండూ ప్రభుత్వ సొమ్ముతోనే. నీళ్ళ పైపు వేసే బీమా కంపెనీ ప్రపంచంలో ఎక్కడా లేదు.

ఇతర దేశాల గురించి కొద్దిగా. మన పిల్లలు చాలామంది అమెరికాలో ఉన్నారు కాబట్టి అక్కడి గొడవ మీకు ఫోనులోనే తెలుస్తుంది. దేశ ఆదాయంలో ఆరో వంతుకు పైగా వైద్యానికే పోతుంది. 1965లో ముసలివారికి మెడికేర్, పేదలకు మెడికెయిడ్ పెట్టారు. మధ్యలో ఉన్నవాళ్ళకు ఉద్యోగం ఇచ్చే బీమా, లేదా సొంతంగా కొనుక్కోవాలి. అలా కొనుక్కునేవాళ్ళకు 2021 నుంచి పెంచి ఇచ్చిన రాయితీలు 2025తో ముగిశాయి. ఆ రాయితీల తగవు మీదే 2025 అక్టోబరు, నవంబరు నెలల్లో 43 రోజులు అక్కడి కేంద్ర ప్రభుత్వ కార్యాలయాలు మూతపడ్డాయి. అబ్బాయిని చూడడానికి పోయేవాళ్ళు ప్రయాణ బీమా లేకుండా విమానం ఎక్కకండి, పంటి నొప్పి కూడా అక్కడికి వెళ్ళి తెచ్చుకోకండి. (నవ్వులు) ఇంగ్లండులో 1948 జూలై 5 నుంచి వైద్యం ప్రభుత్వానిదే. బిల్లు లేదు, వరుస మాత్రం చాలా పొడవు. అక్కడివాళ్ళు వరుస గురించి రోజూ తిడతారు గానీ, దాన్ని ఎత్తేస్తామంటే ఏ పార్టీనీ బతకనివ్వరు. మనకు దగ్గరగా ఉన్నది థాయిలాండు. 2002లో, ఆసుపత్రికి వెళ్ళిన ప్రతిసారీ వాళ్ళ డబ్బులో 30 బాత్ చెల్లిస్తే ఏ వైద్యమైనా అన్న పథకం దేశమంతా పెట్టింది. అది ధనిక దేశం కాదు. అంతకుముందే పల్లెల్లో జిల్లా ఆసుపత్రులు కట్టి, చదువైన డాక్టర్లను అక్కడికి పంపింది. ముందు ఆసుపత్రి, తర్వాత కార్డు. మనం తిరగేసి చేశాం.

నిజానికి మనకు ఆ వరుస ఎప్పుడో చెప్పారు. దేశంలో వైద్య సేవలు ఎలా ఉండాలో చెప్పడానికి 1943లో వేసిన భోర్ కమిటీ 1946లో నివేదిక ఇచ్చింది. డబ్బు కట్టలేని కారణంగా ఏ మనిషికీ వైద్యం అందకుండా పోకూడదు అన్నది అందులో మొదటి సూత్రం. అక్కడి నుంచే ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు వచ్చాయి. ఇప్పటి ప్రమాణం ప్రకారం కొండ, గిరిజన ప్రాంతాల్లో 3,000 మందికి ఒక ఉపకేంద్రం, 20,000 మందికి ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం, 80,000 మందికి నిపుణులున్న సామాజిక ఆరోగ్య కేంద్రం ఉండాలి. భవనాలు చాలాచోట్ల ఉన్నాయి. మత్తు డాక్టరు లేక ఆపరేషను గదికి తాళం వేసి ఉన్న భవనాన్ని ఆసుపత్రి అనాలా గోదాము అనాలా? 2017 జాతీయ ఆరోగ్య విధానం 2025 నాటికి దేశ ఆదాయంలో 2.5 శాతం ప్రభుత్వాలు వైద్యానికి పెట్టాలంది. 2021–22లో పెట్టింది 1.84 శాతం. అదీ కరోనా ఏడాది.

ఈ ఊరి గౌరవం కోసం ఇంకో ముచ్చట. 1948 చట్టం కింద కార్మికులకు ఈఎస్ఐ పథకం కాన్పూరు, ఢిల్లీలలో 1952లో మొదలైంది. అదే ఏడాది, బరంపురంలో పుట్టిన వి.వి. గిరి గారు కేంద్ర కార్మిక మంత్రి అయ్యారు. ఈఎస్ఐలో కార్మికుడు కట్టేది జీతంలో 0.75 శాతం, యజమాని కట్టేది 3.25 శాతం. ఇరవై ఏళ్ళ కుర్రవాడికీ అదే శాతం, యాభై ఏళ్ళ షుగరు రోగికీ అదే. వయసు అడగరు, రోగం అడగరు. ఇచ్చేది జీతాన్ని బట్టి, పుచ్చుకునేది జబ్బును బట్టి. మెడిక్లెయిమ్ దీనికి సరిగ్గా ఎదురు. ఈఎస్ఐ ఆసుపత్రుల తీరు మీద నాకూ ఫిర్యాదులున్నాయి. దాని లెక్కలో మాత్రం దోషం లేదు.

(సభ నుంచి ఒకరు: "మాస్టారూ, ఇంత చెబుతున్నారు, మీకు పాలసీ ఉందా? మీరు పెద్దాసుపత్రికే పోతారా?")

మంచి ప్రశ్న. ఉందండి. మా ఆవిడకూ ఉంది. ఏటా రిన్యూవల్ నోటీసు చూసి మీలాగే నేనూ నిట్టూరుస్తాను. పాలసీ మానేయమని నేను ఎవరికీ చెప్పను, వయసు మళ్ళాక మానేస్తే మళ్ళీ దొరకదు. ఓపీకి మాత్రం పెద్దాసుపత్రికే పోతాను. పోయి ఏం చేస్తానో చెబుతాను, నా వాదనకు అదే ఆయువుపట్టు.

ప్రభుత్వాసుపత్రిలో వరుసలో ఒకప్పుడు వకీలు, బడి పంతులు, బట్టల వ్యాపారి, రిక్షా అతను నిలబడేవారు. ఫ్యాను తిరగకపోతే వకీలు గొడవ చేసేవాడు. పంతులు పత్రికకు ఉత్తరం రాసేవాడు. ఆ గొడవకు రిక్షా అతనికీ గాలి తగిలేది. మనం పాలసీలు జేబులో పెట్టుకుని ఆ వరుస నుంచి తప్పుకున్నాం. ఇప్పుడు అక్కడ మిగిలింది అడగడానికి భయపడేవాళ్ళు. అడిగేవాడు లేని ఆసుపత్రికి నిధులు ఎందుకు పెరుగుతాయి? అది కుంగిపోతే ప్రైవేటు ధరకు అడ్డేముంది? మనం వదిలేసినదే మన ప్రీమియంగా తిరిగి వచ్చి మీద పడుతోంది.

డాక్టర్లు సమయానికి రాకపోవడం, బయట కొనమనడం, మరుగుదొడ్లు, స్ట్రెచరు తోయడానికి చేయి తడపడం, ఇవన్నీ ఉన్నాయి. లేవని వాదించను. సుప్రీంకోర్టు 1996లో పశ్చిమ బెంగాల్ కేసులో తీర్పు ఇచ్చింది. రైల్లోంచి పడి తలకు గాయమైన హకీమ్ షేక్ అనే కూలీని మంచాలు లేవని ఒకదాని తర్వాత ఒకటిగా ప్రభుత్వాసుపత్రులు తిప్పి పంపాయి. చివరికి ప్రైవేటులో డబ్బు కట్టి బతికాడు. అత్యవసర వైద్యం నిరాకరించడం రాజ్యాంగం 21వ అధికరణాన్ని ఉల్లంఘించడమేనని, డబ్బు లేదన్నది ప్రభుత్వానికి సాకు కాదని కోర్టు చెప్పి అతనికి పరిహారం ఇప్పించింది. ఆ కేసు వేసింది వ్యవసాయ కూలీల సంఘం. అంటే అడిగితే జరుగుతుంది.

ప్రభుత్వాసుపత్రులకు రోగి కల్యాణ సమితులు ఉన్నాయి. ఆ సమావేశాల్లో ఏం మాట్లాడుకున్నారో మనలో ఎంతమంది కనుక్కున్నారు? మన తెలుగు సంఘం తరఫున ఒక అర్జీ ఇవ్వాలని నా ప్రతిపాదన. అందులో మూడు అడుగుదాం. ఆయుష్మాన్ కింద ప్రభుత్వాసుపత్రికి క్లెయిముల ద్వారా ఎంత సొమ్ము వచ్చింది, దేనికి ఖర్చు చేశారు అన్నది గోడ మీద రాయాలి. ఏ మందు స్టాకు లేదో రోజూ పలక మీద రాయాలి. సరిహద్దు మండలాల నుంచి వచ్చేవారి కోసం తెలుగు తెలిసిన ఒక మనిషి సహాయ కేంద్రంలో ఉండాలి. ఇచ్ఛాపురం నుంచి వచ్చే ముసలమ్మకు ఒడియా బోర్డు అర్థం కాక ఎక్స్‌రే గది ముందు పూట గడిచిపోతోంది. ఒడియా మిత్రులకు దీని మీద అభ్యంతరం ఉండదు. శ్రీకాకుళంలో వాళ్ళవాళ్ళకు అదే కష్టం కాబట్టి అక్కడా అడుగుదాం.

(సభ నుంచి మరొకరు: "క్లెయిమ్ కొట్టేశారండి. ఎవరికి చెప్పుకోవాలి?")

ముందు కంపెనీ ఫిర్యాదుల విభాగానికి రాతపూర్వకంగా ఇవ్వండి. ఫోను మాటలు లెక్కలోకి రావు. ముప్పై రోజుల్లో జవాబు రాకపోయినా, జవాబు నచ్చకపోయినా బీమా ఫిర్యాదులు విచారించే అంబుడ్స్‌మన్‌కు వెళ్ళవచ్చు. ఒడిశాలో ఉన్నవారికి భువనేశ్వర్‌లో కార్యాలయం ఉంది, ఆంధ్రలో ఉన్నవారికి హైదరాబాదులో. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు, 50 లక్షల దాకా పరిహారం ఇప్పించగలరు. కంపెనీ తిరస్కరించిన నాటి నుంచి ఏడాది లోపు వేయాలి. అయిదేళ్ళు విడవకుండా ప్రీమియం కట్టి ఉంటే, మోసం నిరూపిస్తే తప్ప, "ముందున్న రోగం చెప్పలేదు" అని క్లెయిమ్ కొట్టేయడానికి వీల్లేదని 2024 నుంచి నిబంధన ఉంది. అంతకుముందు అది ఎనిమిదేళ్ళు. మీ తిరస్కరణ ఉత్తరంలో కారణం ఏం రాశారో చూడాలి. తెచ్చారా? ఇలా ఇవ్వండి, చూద్దాం. మిగతావారు ఈలోపు ప్రశ్నలు కాగితం మీద రాసి ముందుకు పంపండి.